తూర్పు వార్డు మూడో కిటికీ

మాస్టారికి నమస్కారాలు.

ముందు మీ ఆరోగ్యం అడిగి, అమ్మగారి కళ్ళ ఆపరేషను ఎలా జరిగిందో అడిగి, ఆ తర్వాత మెల్లగా విషయంలోకి దిగుదామని రెండు కాగితాలు పాడుచేశాను. మీరైతే ఆ రెండింటినీ ఎర్ర పెన్సిల్‌తో అడ్డంగా కొట్టేసి, "సోది తర్వాత, ముందు కొలత చెప్పు" అనేవారు. అందుకని చెప్పేస్తున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట పాత ఆస్పత్రి తూర్పు వార్డు లోపలి డ్రాయింగు నేను కొలిచి గీసింది కాదు. పడమటి వార్డు షీటుని తిరగేసి, పైన ట్రేసింగ్ కాగితం పరిచి, అద్దంలో బొమ్మలా దించేశాను. దాని అడుగున "కొలిచినది" అన్న గడిలో నా సంతకం ఉంది. "సరిచూసినది" అన్న గడిలో మీరు సంతకం పెట్టి రికార్డు గదికి పంపేశారని ఆ రోజుల్లో గుమాస్తా చెప్పాడు. అది విని ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఊపిరి ఇన్నేళ్ళూ లోపలే ఉండిపోయింది.

ఇన్నాళ్ళూ నోరు విప్పనిదాన్ని ఇప్పుడెందుకు విప్పుతున్నానంటే, పోయిన నెల వానలకి ఆ వార్డు కప్పు కూలింది. కిటికీలున్న గోడంతా కూడా దానితో పాటు పడిపోయింది. దాన్ని ఉన్నదున్నట్టుగా మళ్ళీ కట్టాలని నిర్ణయం అయింది. ఆ పని చూస్తున్న ఇంజినీరు అమ్మాయి నన్ను వెతుక్కుంటూ ఆఫీసుకి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, బూట్లనిండా మట్టి. "గోడ పోయినా మాకు దిగుల్లేదు మేడమ్. మీరు కొలిచి గీసిన డ్రాయింగు ఉందిగా. సెంటీమీటరు తేడా రాకుండా అలాగే కట్టేస్తాం" అంది. టీ తాగించి పంపించాను. సోమవారం నాడు రికార్డు గదిలోంచి అసలు షీట్లు తీయించుకుని నా దగ్గరికి వస్తుంది. ఆ మర్నాడు ముగ్గు పోసి గోడ గుర్తులు పెడతారు. నేను ఊరుకుంటే ఎన్నడూ లేని ఒక గది అక్కడ లేస్తుంది, అదే పాత గది అని అందరూ నమ్ముతారు.

మీ దగ్గర చేరిన మొదటి రోజు గుర్తుందా మాస్టారూ? ఆడపిల్ల నిచ్చెనెక్కి కప్పు కొలుస్తుందా అని ఆఫీసంతా నవ్వింది. "నిచ్చెనకి ఆ తేడా తెలీదు, ఎక్కమ్మా" అన్నారు మీరు. నేను ఎక్కాను, మీరు కింద నిచ్చెన పట్టుకున్నారు. టేపు మొదటి పది సెంటీమీటర్లూ అరిగిపోయి ఉంటాయి కాబట్టి పది దగ్గర పట్టుకుని చదివి, తర్వాత పది తీసెయ్యాలని నేర్పారు. గోడ పొడవుని ముక్కలు ముక్కలుగా కొలిచి కూడితే తప్పులు కూడా కూడుకుంటాయని, ఒక కొస నుంచి కదలకుండా వరసగా చదవమని నేర్పారు. గది ఎంత చక్కగా కనపడినా ఈ మూల నుంచి ఆ మూలకి రెండు అడ్డకొలతలూ తియ్యకుండా బయటికి రావద్దన్నారు. నాకు బాగా పొట్టి పెన్సిళ్ళతో గీసే అలవాటుంటే, పారెయ్యమని తిట్టకుండా పెన్సిల్ముక్క అని పేరు పెట్టారు. మేమూ ఊరుకోలేదు లెండి, మీ వెనకాల మిమ్మల్ని మూరకోల అనుకునేవాళ్ళం. ఇవాళ నేను తింటున్న అన్నం, నాకున్న పేరు, నిటారుగా నిలబడే నా నడుమూ మీరిచ్చినవే. అలాంటి మనిషి చేత అబద్ధం మీద సంతకం పెట్టించాను.

ఎందుకు చేశానో కూడా చెప్పాలి. ఇది ఎవరికీ చెప్పలేదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా అమ్మ ఆ తూర్పు వార్డులోనే పదకొండు రోజులు ఉండి చనిపోయింది. అప్పుడు అది ఆడవాళ్ళ వార్డు. అంటుజబ్బు కాబట్టి పిల్లల్ని లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. నాన్న నాకు ఊహ తెలియక ముందే పోయాడు. అమ్మ దగ్గర మా పెద్దమ్మ ఉండేది. నేను రోజూ బడి నుంచి నేరుగా వెళ్ళి, ఆస్పత్రి పక్క ఖాళీ స్థలంలో చేతిపంపు దగ్గర నిలబడేదాన్ని. ఎదురుగా మూడో కిటికీ. అమ్మ మంచం ఆ కిటికీ పక్కనే ఉందని పెద్దమ్మ చెప్పింది. లోపలంతా చీకటి, నాకేమీ కనపడేది కాదు. అయినా చెయ్యి ఊపేదాన్ని, పంపు పిడి పట్టుకుని వేలాడేదాన్ని. సాయంత్రం పెద్దమ్మ ఇంటికొచ్చి, "ఇవాళ పిడి పట్టుకుని ఊగావటగా? అమ్మ నవ్విందే" అనేది. "ఎర్ర రిబ్బను వంకరగా కట్టుకున్నావట" అనేది. ఆ మాటలే నాకు అన్నం. ఒక రోజు పెద్దమ్మ నాకు కొత్త చెప్పులు కొంది. నల్లవి, బకిలు ఉన్నవి. అమ్మకి చూపించాలని ఆ రోజు పంపు దగ్గర కాళ్ళు కలిపి బొమ్మలా నిలబడ్డాను. సాయంత్రం "అమ్మ చెప్పులు చూసిందా?" అని అడిగితే, పెద్దమ్మ నా తల నిమిరి, "చెప్పుల సంగతి ఏమీ అనలేదమ్మా" అంది. ఆ రాత్రి ఎంత ఏడ్చానో! ఆ తర్వాత రెండు రోజులకే అమ్మ పోయింది. అమ్మ నన్ను రోజూ చూసిందన్న ఒక్క మాట పట్టుకునే నేను పెరిగాను.

పదిహేనేళ్ళ తర్వాత మీరు ఆ ఆస్పత్రి నాకు అప్పగించారు, నా మొదటి సొంత పని అని. అప్పటికి అది మూతపడి చాలా ఏళ్ళయింది. భయం వేసింది కానీ మీకు చెప్పలేదు, చెప్తే ఇంకొకరికి ఇస్తారని. ముందు బయటి గోడలన్నీ కొలిచాను, రెండు పక్కలా. కిటికీలు అటూ ఇటూ వేలెడు తేడా లేకుండా సరిపోయాయి. తర్వాత పడమటి వార్డు లోపల కొలిచాను. మూడో రోజు మధ్యాహ్నం ఒక కిటికీ దగ్గర నేల నుంచి దాని కింది గట్టు దాకా టేపు పెట్టి చదివాను. నూట రెండు. పుస్తకంలో రాశాను. రాశాక పెన్సిల్ ఆగిపోయింది. ఆస్పత్రి మంచం అరవై సెంటీమీటర్లు. దిండు మీద తల పెట్టుకున్న మనిషి కళ్ళు మహా అయితే ఎనభై. గట్టు నూట రెండు. పడుకున్న మనిషికి ఆ కిటికీలోంచి ఆకాశం తప్ప ఏమీ కనపడదు. కూర్చోలేని స్థితిలో ఉన్న మా అమ్మ నన్ను ఒక్క రోజు కూడా చూడలేదు. పెద్దమ్మే కిటికీ దగ్గర నిలబడి నన్ను చూసి, అమ్మ చెప్పినట్టుగా కల్పించి చెప్పింది.

వాచ్‌మన్ తూర్పు వార్డు తాళంచెవి నా చేతికిచ్చాడు. తలుపు దాకా వెళ్ళాను. చెక్క మీద చెయ్యి వేశాను. తియ్యలేకపోయాను. లోపల కూడా అంతే కదా, బయట సరిపోయాక లోపల మారేదేముంది అని నాకు నేనే చెప్పుకున్నాను. "అనుకోవడం" అన్న మాట మన పుస్తకంలో ఉండకూడదని మీరు వెయ్యిసార్లు చెప్పారు. ఆ ఒక్కసారి అనుకున్నాను. ఆ తర్వాత ఈ ముప్ఫై ఒక్క ఏళ్ళలో నేను తలుపు తియ్యని గది లేదు మాస్టారూ. మా ఆఫీసు పిల్లలు నవ్వుకుంటారు, మేడమ్ బొగ్గుల కొట్టుకి కూడా అడ్డకొలతలు తీస్తారని.

సోమవారం ఆ ఇంజినీరుకి నిజం కాగితం మీద రాసిచ్చేస్తాను. దానితో నా సంతకంతో పాటు మీ సంతకం కూడా బజారున పడుతుంది. శిక్షణకి వచ్చే పిల్లలకి ఇప్పటికీ మీ పేరు చెప్పే మొదటి పాఠం మొదలుపెడతారు. అందుకని ముందు మీకు చెప్పాలి. వద్దంటారేమో తెలియదు. వద్దన్నా నేను రాసిస్తాను, ఆ మొండితనం కూడా మీ దగ్గర నేర్చుకున్నదే. నన్ను తిట్టండి. కానీ తిట్టే ముందు, మీకు నేనెంత రుణపడి ఉన్నానో నాకు తెలుసని మాత్రం గుర్తుపెట్టుకోండి.

మీ చేతి కింద పెరిగి, మీకు ఒక్క అబద్ధం చెప్పిన,
పెన్సిల్ముక్క


అమ్మాయ్ పెన్సిల్ముక్కా,

నీ ఉత్తరం అందింది. మూడుసార్లు చదివాను. నా సంగతి తెలుసుగా, మూడుసార్లూ ఒకటే వస్తే కానీ పుస్తకంలో ఎక్కించను. మూడోసారి చదివేటప్పుడు మా ఆవిడ, అదే మీరంతా అమ్మగారు అనే ఆవిడ, కళ్ళజోడు లాక్కుని తను చదివింది. ఆపరేషను బ్రహ్మాండంగా అయిందని దీన్నిబట్టి తెలుసుకో. ఇక మూరకోల అన్న పేరు మీరే పెట్టారని మురిసిపోకండి. అది మా ఆవిడ పెళ్ళైన కొత్తలో పెట్టింది. ఆఫీసుకి ఎలా పాకిందో ఇప్పటికీ ఆరా తీస్తున్నాను.

ముందు నీ భయం తీరుస్తాను. నేను సంతకం పెట్టింది నీ షీటు మీద కాదు.

నువ్వు డ్రాయింగులు ఇచ్చిన వారం, వాటిని పట్టుకుని సరిచూడడానికి ఒక్కడినే వెళ్ళాను. పడమటి వార్డు చూసి కడుపు నిండింది. గోడలో పగుళ్ళు కూడా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో గీశావు. ఆ సంతోషంలో తూర్పు తలుపు తీసుకుని, నీ షీటు చూసుకుంటూ లోపలికి నడిచాను. నీ డ్రాయింగులో నేల చదునుగా ఉంది. అసలు నేల మీద, తలుపు దాటగానే మూడు మెట్లున్నాయి, పైకి. మొదటి మెట్టు తన్నుకుని బొక్కబోర్లా పడ్డాను. నువ్వు ఈ గదిలో కాలు పెట్టలేదని నాకు అలా తెలిసింది. ఆ మోకాలు చలికాలం వస్తే ఇప్పటికీ నిన్ను తలుచుకుంటుంది.

ఆ పూట నిన్ను ఉద్యోగంలోంచి పంపించెయ్యాలన్నంత కోపం వచ్చింది. ఆఫీసుకి వచ్చేసరికి నువ్వు బల్ల మీద తల వంచుకుని పెన్సిలు చెక్కుతున్నావు. ముఖం పీక్కుపోయి ఉంది. పడమటి వైపు అంత నిజాయితీగా గీసిన పిల్ల, తూర్పు వైపు ఊరికే ఎగ్గొట్టదు, ఏదో ఉందనిపించింది. నువ్వే వచ్చి చెప్తావులే అని రెండు వారాలు చూశాను. నువ్వు రాలేదు. అడగడం నాకు చేతకాలేదు. రెండు ఆదివారాలు మా ఆవిడని వెంటబెట్టుకెళ్ళి, ఆవిడ టేపు కొస పట్టుకుంటే, ఆ వార్డంతా నేనే కొలిచాను. షీటు కొత్తగా గీశాను. "కొలిచినది" అన్న గడిలో మా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఆ గడి చదివేవాడు ఎవడూ ఉండడు కాబట్టి ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదు. నీ షీటు నా పెట్టెలో ఉంది. ఈ ఉత్తరంతో పంపుతున్నాను. చింపుకుంటావో దాచుకుంటావో నీ ఇష్టం. ఆ తర్వాత నీ పని ఏళ్ళ తరబడి చూశాను. వేసుకోవలసిన శిక్ష నువ్వే వేసుకున్నావని అర్థమై ఊరుకున్నాను. ఇంజినీరుకి నిజం చెప్పాలన్నావు, తప్పకుండా చెప్పు. గోడకి నష్టం లేదు కాబట్టి దాచేద్దామని మాత్రం అనుకోకు.

ఇప్పుడు అసలు మాట. కూర్చుని చదువు.

ఆ వార్డులో మూడు మెట్లు ఎందుకున్నాయి? ఆ పక్క నేలలోంచి నీరు ఊరేదట. ఎప్పుడో పాత నేల మీదే ఇంకో నేల ఎత్తుగా వేశారు. నలభై ఎనిమిది సెంటీమీటర్లు. కిటికీల జోలికి వెళ్ళలేదు. అందుకే బయటి నుంచి చూస్తే రెండు వార్డులూ కవలపిల్లలు. లోపల, పడమట గట్టు నూట రెండైతే, తూర్పున యాభై నాలుగు. నా పాత కొలతల పుస్తకం తీసి మళ్ళీ చూశాను. యాభై నాలుగే. మూడో కిటికీ దగ్గర పాత ఇనుప మంచం కాళ్ళు నేలలో నొక్కుకుపోయిన గుంటలు నాలుగు ఉంటే, అవి కూడా గీశాను. మంచానికీ గోడకీ మధ్య నలభై సెంటీమీటర్లు. గోడ మందం అరవై. బయట గోడ నుంచి చేతిపంపుకి ఆరు మీటర్ల పది. బయటి భూమి లోపలి పాత నేల కంటే అరవై పల్లం. మన పనిలో పనికిరాని కొలత ఉండదని నేను చెప్తుంటే మీరంతా ఆవలించేవారు, గుర్తుందా?

పడుకున్న మనిషి కళ్ళు ఎనభై అన్నావు, సరే. ఆ కళ్ళ దగ్గర నుంచి గట్టు అంచు మీదుగా ఎర్ర పెన్సిల్‌తో ఒక గీత గీశాను. గీత కిందికే దిగింది. పంపు దగ్గరికి వచ్చేసరికి అది భూమికి యాభై మూడు సెంటీమీటర్ల ఎత్తున ఉంది. దానికి పైన ఉన్నదంతా మంచం మీది మనిషికి కనపడుతుంది. తొమ్మిదేళ్ళ పిల్ల ఎంత ఎత్తుంటుందో ఊహించి రాయడం ఇష్టం లేక, మా మనవరాలిని గోడకి ఆనించి కొలిచాను. దానికీ తొమ్మిదే. నూట ఇరవై నాలుగు. "ఎందుకు తాతా, కొత్త గౌనా?" అని అడిగింది. ఎర్ర గీత దాని మోకాలికి జానెడు పైన పడింది.

మీ అమ్మ నిన్ను చూసిందమ్మా. మోకాళ్ళ పైనుంచి రిబ్బను దాకా. ఆ షీటు కూడా జత చేశాను. ఎర్ర గీత నీ చేత్తో మళ్ళీ ఒకసారి సరిచూసుకో. నన్ను గుడ్డిగా నమ్మమని నేనెప్పుడూ చెప్పలేదు.

ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట "ఏమైందమ్మా" అని ఒక్క మాట అడిగి ఉంటే, నువ్వు ఇన్నేళ్ళు ఇది మొయ్యాల్సిన పని లేకపోయేది. ఆ తప్పు నాది. నువ్వు రుణం అన్నావు కాబట్టి చెప్తున్నాను, ఈ వయసులో కూడా నా కొలతల పుస్తకం ఒకరికి పనికొచ్చేలా చేశావు. రుణం ఎవరిదో ఇంకోసారి లెక్క చూసుకో.

నీ మూరకోల

అమ్మాయీ, కింద నాలుగు ముక్కలు నేను రాస్తున్నాను. ఈయన లెక్కలు నాకు ఎక్కవు. ఆ రెండో ఆదివారం నేను ఆ మంచం గుంటల దగ్గర కింద చతికిలబడి కూర్చుని టేపు కొస పట్టుకున్నాను. ఈయన బయట పంపు దగ్గర నిలబడి "గట్టిగా పట్టుకో, వదలకు" అని అరుస్తున్నారు. కిటికీలోంచి నాకు చక్కగా కనపడ్డారు. చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నారని అక్కడి నుంచే కేకేశాను. గీతలెందుకు, నన్నడిగినా చెప్పేదాన్ని. ఒకసారి వచ్చి వెళ్ళు.


పెద్దమ్మా,

ఫోను చేస్తే సరిపోయేదానికి ఉత్తరమేమిటని నువ్వు కళ్ళజోడు వెతుక్కుంటూ సణుక్కుంటావు. ఫోనులో నేను చెప్పలేను. నీ గొంతు వినపడితే ఏడుస్తాను, నువ్వు "ముందు ముక్కు తుడుచుకో" అంటావు, అసలు మాట ఉండిపోతుంది. దీంతో పాటు ఒక డ్రాయింగు పంపుతున్నాను. మెల్లగా చదువు. నీ దగ్గర కుట్టు నేర్చుకునే పిల్లలెవరైనా ఉంటే కాసేపు బయటికి పంపించు.

నీకు గుర్తుందా, ఒకసారి నువ్వు మిషను తొక్కడం ఆపి, "ఏమే, నా దగ్గర కూర్చుంటే ముళ్ళు గుచ్చుకుంటున్నాయా?" అని అడిగావు. నేను నవ్వేసి, తిరుగు బస్సుకి టైమైందని లేచాను. నీ దగ్గరికి వచ్చినప్పుడల్లా తిరుగు బస్సు టైము చూసుకునే వచ్చేదాన్ని. అది ఈ ముప్ఫై ఒక్క ఏళ్ళుగా. అంతకు ముందు నీ వెనకాలే తోకలా తిరిగిన పిల్ల ఎందుకు మారిపోయిందో నీకు తెలియదు, నువ్వు మళ్ళీ అడగలేదు. ఇవాళ చెప్తున్నాను. నువ్వు నాకు అబద్ధం చెప్పావనుకున్నాను. అమ్మ ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో, కిటికీలోంచి అమ్మ నన్ను చూస్తోందని రోజూ చెప్పేదానివి కదా, అది నా ఏడుపు ఆపడానికి నువ్వు కుట్టిన కథ అనుకున్నాను. నేను కొలిచిన ఇంకో వార్డులో కిటికీలు మంచం కంటే ఎత్తుగా ఉంటే, అమ్మ గది కూడా అలాగే ఉంటుందని లోపల అడుగు పెట్టకుండానే తీర్పు చెప్పేశాను. నిన్ను అడగనైనా లేదు.

అమ్మ వార్డులో నేల ఎత్తుగా ఉండేదట పెద్దమ్మా. మెట్లెక్కి లోపలికి వెళ్ళాలట. నీకు తెలిసే ఉంటుంది, పదకొండు రోజులు ఆ మెట్లు ఎక్కి దిగినదానివి. నాకు పని నేర్పిన మాస్టారూ వాళ్ళావిడా ఆ గది కొలిచి, గీసి ఉంచారు. నేను తప్పించుకున్న పనిని వాళ్ళు నా బదులు చేసి, నాకే చెప్పకుండా దాచారు. ఎర్ర గీత చూడు. అది అమ్మ కళ్ళ దగ్గర మొదలై పంపు దగ్గర నా మోకాళ్ళ మీద ఆగుతుంది. నిన్న నేను దాన్ని మూడుసార్లు సరిచూశాను. మూడుసార్లూ అదే వచ్చింది. అమ్మకి నా రిబ్బను కనపడింది. నేను ఊగడం కనపడింది. నువ్వు చెప్పిందంతా అమ్మ చెప్పిందే.

మూడోసారి సరిచూస్తున్నప్పుడు నాకు చెప్పులు గుర్తొచ్చాయి. నల్ల చెప్పులు, బకిలువి, నువ్వే ఆ పొద్దున దుకాణానికి తీసుకెళ్ళి కొన్నావు. ఆ సాయంత్రం నేను అడిగితే, "చెప్పుల సంగతి ఏమీ అనలేదమ్మా" అన్నావు. ఎర్ర గీత కింద, నా మోకాళ్ళ కింద, నా చెప్పులున్నాయి. మంచం మీద పడుకున్న అమ్మకి అవి కనపడవు. నిలబడి చూసే నీకైతే కనపడేవి. నువ్వు కథలు కుట్టేదానివైతే, నువ్వు కొన్న చెప్పులు, నేను ఏడవబోతున్నానని తెలిసీ, ఆ ఒక్క అబద్ధం ఆడకుండా ఉండేదానివా? ఎంత తేలిక ఆ మాట అనడం! "చూసింది, చాలా బాగున్నాయంది" అంటే అయిపోయేది. నువ్వు అమ్మ అన్న మాటలే తెచ్చావు. అననిది తేలేదు. తొమ్మిదేళ్ళప్పుడు దానికి ఏడ్చాను, నిన్న దానికే ఇంకా ఎక్కువ ఏడ్చాను. టేపు పట్టుకోవడం నాకు మాస్టారు నేర్పారని అందరికీ చెప్తుంటాను. నా చేతికి మొదట టేపు ఇచ్చినదానివి నువ్వు. నీ మెడలోది తీసి, "కొలవకుండా కత్తెర వెయ్యకూడదు" అని నా గౌను నా చేతే కొలిపించావు. నేను కొలవకుండానే కత్తెర వేశాను పెద్దమ్మా, నీ మీదే వేశాను. నన్ను క్షమించు.

సోమవారం ఇంజినీరు అమ్మాయి షీట్లు తెచ్చింది. జరిగిందంతా దానికి చెప్పి, కాగితం మీద రాసిచ్చాను. అది నన్ను పై నుంచి కింది దాకా చూసి, "మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదా మేడమ్" అంది. "నాకు తెలుసు కదా" అన్నాను. తర్వాత షీటు మీద వేలు పెట్టి, "ఈ ఎత్తు నేల ఎప్పుడో నీళ్ళ కోసం వేసింది. ఇప్పుడు ఆ బాధ లేదు. దించేసి రెండు వార్డులూ ఒకే మట్టం చేస్తే పని సులువు కదా?" అని అడిగింది. మళ్ళీ ఆడవాళ్ళ వార్డుగానే తెరుస్తారట. ఎర్ర గీత ఉన్న కాగితం దాని ముందు పెట్టి, అమ్మ సంగతి చెప్పాను. పంపు సంగతి చెప్పాను. ఆ పిల్ల పెన్సిలు తీసుకుని, నేల అంచున "ఎత్తు మార్చరాదు, నలభై ఎనిమిది" అని రాసింది. రోగులకి కష్టమని మెట్ల పక్కన వాలు మాత్రం కడతానంది. దానికి నేను సరేనన్నాను.

ఆ పంపు ఇంకా ఉంది. పిడి లేదు, తుప్పు పట్టింది, కానీ ఉంది.

శనివారం వస్తున్నాను. తిరుగు బస్సు టైము చూసుకోలేదు. ఎన్నాళ్ళుంటానో నువ్వే చెప్పాలి. ఆ గోడ కిటికీల దాకా లేచాక నిన్ను అక్కడికి తీసుకెళ్తాను. ఆ మూడో కిటికీ పక్కన, మంచం గుంటలున్న చోట ఒక చాప వేసి కూర్చోబెడతాను. నేను బయటికి వెళ్ళి పంపు దగ్గర నిలబడతాను. కొత్త చెప్పులు వేసుకుని వస్తాను. కనపడ్డాయో లేదో సాయంత్రం నువ్వే చెప్పు. నువ్వు ఏం చెప్తే అదే నిజం.

నీ బుడంకాయ